నాలుగో గుండి

ఉమ్ అల్ సిద్ర్‌ల మా దుకాణం
ఖుబూస్ పొయ్యికీ మంగలి దుకాణానికీ నడుమ
రెండు మిషన్లు పట్టేంత సందు.
సర్కారు దళం బట్టలు మాకాడికే వస్తయి,
ఇసుక రంగు చొక్కాలు, కట్టకు ఇరవై.
పదకొండేండ్లాయె.
వాళ్ళ మొఖాలు నాకు గుర్తుండవు, కొలతలుంటయి.
ఒకనికి ఎడమ భుజం దిగి ఉంటది.
ఒకడు పెండ్లయినంక నడుం రెండించులు వదులు చేయించిండు.
కొత్తగ చేరిన పోరడొకడు, మెడ పదమూడున్నర,
రెడీమేడ్ కాలర్ల వాని మెడ
బిందెల గరిటె లెక్క ఆడేది.

లస్మన్న నీళ్ళ ట్యాంకర్ తోలేటోడు.
నా పై మంచం ఆయనది.
నిద్రల చెయ్యి కిందికి వేలాడేసేటోడు,
గడియారం చప్పుడు నా చెవుల పడేది.
ఆ రాత్రి చెక్‌పోస్టుకాడ
దిగుమన్నరంట, దిగిండంట.
కాయిదం చూపుమన్నరంట,
జేబుల చెయ్యి పెట్టిండంట.
పడ్డంక ఒకడు వంగి చూసిండంట,
వాని అంగీ పట్టుకున్నడంట.
ఇన్ని "అంట"ల కింద
ఒక్క సంతకం లేదు.

దవాఖానోళ్ళు ప్లాస్టిక్ కవర్ ఇచ్చిండ్రు.
అకామా, గడియారం, ట్యాంకర్ తాళం చెవి,
ఇంకోటి చిన్నది.
"పిడికిట్ల ఉండె, తెరవనీకి కష్టమాయె"
అన్నది నర్సమ్మ, వచ్చీరాని హిందీల.
గుండి. దాని వెనుక గోరంత గుడ్డ.

టైపింగ్ సెంటర్ల రాయచోటి ఖాజాపీరు
అరబ్బీ కాయితాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని చదివిండు.
"దళంలో పనిజేసే మనిషి డ్యూటీ మీద ఉన్నప్పుడు..."
ఆగినాడు. రాసిండు, కొట్టేసిండు, మళ్ళ రాసిండు.
"మంచి మనసుతో చేసిన పనికి కేసు లేదు, అని పెడతాండానన్నా.
దీనికంటే దగ్గరి మాట నాకు దొరకల్యా."
సాక్షి ఉంటే?
"పిలవరు."
పైసలు?
"ఇస్తే వాళ్ళ దయ. అడిగే దారి ల్యా."
టైపింగ్ పైసలు తీసుకోలే ఖాజాపీరు.
నేను బలవంతంగ బల్ల మీద పెట్టొచ్చిన.

ఇండ్లకు నడుస్తుంటే అదే మాట కాళ్ళకడ్డం.
ఆ చొక్కాకు ఎడమ జేబు పెన్నుకు, కుడి జేబు విజిల్‌కు,
భుజం మీది పట్టీ టోపీకి.
అన్నీ నేనే కుట్టిన.
మంచి మనసు ఏడ పెడతరో
ఏ కొలతల పుస్తకంలా చూడలే.

బేస్తవారం కట్ట విప్పిన.
పదకొండో చొక్కా, మెడ పదమూడున్నర,
నాలుగో గుండికాడ బొక్క.
చీటీల: "రఫూ, గుండి. శనివారానికి."
నేను గుండికి ఎనిమిది చుట్లు తిప్పుతా, అడుగున ముడి రెండుసార్లు.
గుడ్డ చినిగింది గాని దారం తెగలే.
కవర్లది తెచ్చి బొక్క మీద పెట్టిన.
పోగుకు పోగు కూడింది.
మిషన్ మీద చాలాసేపు చేతులు పెట్టుకొని కూసున్న.

శనివారం పోరడే వచ్చిండు.
కాలర్ మళ్ళ వదులయిందంట, సైగ చేసిండు.
టేపు మెడ చుట్టూ తిప్పిన.
పదమూడు.
నా రెండు వేళ్ళ కింద నరం
కోడిపిల్ల లెక్క కొట్టుకుంటుంది.
టేపు రెండు కొసలు నా చేతులల్లనే ఉన్నయి.
నేను గూడ డ్యూటీ మీదనే ఉన్న.
నా మనసు అప్పుడు మంచిదేనా అని
ఎవ్వరు అడిగినా చెప్పలేను.

టేపు తీసిన. పుస్తకంల పదమూడని రాసిన.
చొక్కా బల్ల మీద పరిచి
బొక్క పక్కన గుండి పెట్టిన,
గుడ్డముక్కతోని సహా.
వాడు చూసిండు.
పక్క సందుల ఖుబూస్ కాలుతున్న వాసన,
మంగలోని రేడియోల ఏదో లెక్కలు చదువుతున్నరు.
వాడు గుండిని వేలితో ముట్టబోయి
ఆ వేలును తన కాలర్ల పెట్టుకున్నడు,
ఊపిరాడనట్టు.
నేనేమన్న అంటనని నిలబడ్డడు.
నేను అనలే.
రఫూ పైసలు బల్ల మీద పెట్టి
తలుపు మెల్లగ దగ్గరికేసి పోయిండు.

చొక్కా కొక్కేనికే ఉంది.
సాయంత్రం దళం బండి వస్తే
పందొమ్మిదని లెక్క రాసిచ్చిన.
డ్రైవర్ ఎంచుకోలే.